వంశవృక్షానికి తాళమెందుకు?

నిరుడు చలికాలంలో ఒక శుక్రవారం పొద్దున్నే న్యూజెర్సీ నుంచి పిన్ని ఫోన్ చేసింది. బాబాయి పోయి అప్పటికి రెణ్ణెల్లు. సొంత బాబాయి కాదు, నాన్నకి చిన్నాన్నగారబ్బాయి. "నువ్వు కంప్యూటర్లు చదివావు కదరా, మీ బాబాయి లాప్‌టాప్ తెరిపించగలవా?" అని అడిగింది.

అందులో ఏముందో నాకు తెలుసు. మా చుట్టాల్లో తెలియనివాళ్ళు లేరు. ఇరవయ్యేళ్ళపాటు ఆయన మా వంశచరిత్ర పోగుచేశాడు. ఎవరింట్లో పెళ్ళయినా, ఎవరు పోయినా ఆయన దగ్గర్నుంచి ఫోన్ వచ్చేది. "మీ తాత మేనత్తని ఏ ఊరిచ్చారో మీ అమ్మనడిగి చెప్పు" అనేవాడు. పేర్లు పందొమ్మిది వందలు దాటాయని నాతో ఒకసారి గర్వంగా అన్నాడు. చూపించమంటే మాత్రం, "పూర్తవనీరా, పుస్తకం వేసి అందరికీ పంచుతాను" అనేవాడు.

లాప్‌టాప్ తెరిపించలేకపోయాను. డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది. దాని తాళంచెవి ఆయన ఈమెయిల్లో ఉంటుంది. ఆ ఈమెయిల్ తెరవాలంటే ఆయన ఫోనుకి ఆరంకెలు వస్తాయి. ఆ ఫోన్ నంబరు నెలనెలా దండగని పిన్ని అప్పటికే తీయించేసింది. జనం చేత ఇలాంటి తాళాలు వేయించడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళుగా కంపెనీలకి నేను చెప్పే పాఠాన్ని బాబాయి తూచా తప్పకుండా పాటించాడు. అందుకే ఇరవయ్యేళ్ళ పని ఇప్పుడు ఒక నల్లటి పలకలో ఉంది. దాన్ని ఎవరూ దొంగిలించలేరు. ఎవరూ చదవలేరు కూడా.

పిన్ని ఇల్లంతా వెతికితే పద్నాలుగు కాగితాలు దొరికాయి. 2016లో వాళ్ళమ్మాయి పెళ్ళికి ఎవరికో చూపించడానికి తీసిన ప్రింటట. ఫోటోలు తీసి పంపిస్తూ ఒక్క మాట రాసింది: "ఇందులో నేనున్నాను. మా అమ్మ లేదు."

బాబాయిని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. ఆయన్లాంటివాళ్ళం దేశదేశాల్లో చాలామందిమి ఉన్నాం. సెలవుకి ఇంటికెళ్ళినప్పుడల్లా ముసలివాళ్ళని కూచోబెట్టి రికార్డు చేస్తాం, అటకలెక్కి కాగితాలు దింపుతాం, వాటిని సూట్‌కేసులో పెట్టుకుని విమానమెక్కుతాం. ఆ తర్వాత అవి మన ఒక్కరివే అవుతాయి. దీన్ని మనం భద్రపరచడం అంటున్నాం. నేనైతే దీన్ని ప్రేమతో చేసే దొంగతనం అంటాను. ఆ మాట అనే హక్కు నాకుంది, ఎందుకంటే అందరికంటే ముందు ఆ పని చేసింది నేనే.

2006లో మొదటి సెలవుకి కోనసీమలో మా ఊరు వెళ్ళినప్పుడు అటక మీద రెండు చదివింపుల పుస్తకాలు దొరికాయి. ఒకటి 1938లో తాతయ్య పెళ్ళిది, రెండోది 1956లో పెద్దత్తయ్య పెళ్ళిది. గుడ్డ అట్టలు వేసిన పొడుగాటి పుస్తకాలు, రెండూ కలిపి నూట నలభై పేజీలు. ఎవరు, ఏ ఊరు, ఎంత చదివించారు. ఒకరు రూపాయి పావలా, ఒకరు జామారు, ఒకరు ఇత్తడి బిందె. పెద్దత్తయ్య, "ఎందుకురా, ఇక్కడే ఉండనీ" అంది. "ఇక్కడుంటే చెదలు తినేస్తాయి అత్తయ్యా, నా దగ్గర భద్రంగా ఉంటాయి" అన్నాను. పాతికేళ్ళ పైబడినవాణ్ణి, కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్, మస్కట్‌లో ఉద్యోగం. నా మాట కాదనేవాళ్ళెవరు?

అప్పట్లో అజైబాలో వాదీకి దగ్గరగా ఒక పాత ఇంట్లో ముగ్గురం బ్రహ్మచారులం కింద గది తీసుకుని ఉండేవాళ్ళం. పుస్తకాలు మంచం కింద రేకుపెట్టెలో పెట్టాను. మంచి స్కానర్ కొని, ఆరువందల డీపీఐలో, పేజీపేజీకీ పద్ధతిగా పేరు పెట్టి చెయ్యాలని నా సంకల్పం. ఈలోగా ఆఫీసు స్కానర్ మీద పదకొండు పేజీలు నమూనాకి తీశాను. 2007 జూన్ 5, 6 తేదీల్లో గోను తుఫాను వచ్చింది. ఒమన్‌లో ఉన్నవాళ్ళకి ఆ రెండ్రోజుల గురించి చెప్పక్కర్లేదు. ఏడాదంతా ఎండి ఉండే వాదీ నదయింది. మేం మేడ మీదికి పరిగెత్తాం. పాస్‌పోర్టులు తీసుకున్నాం, లాప్‌టాప్‌లు తీసుకున్నాం. మూడో రోజు కిందికి దిగి పెట్టె తెరిస్తే రెండు పుస్తకాలూ ముద్దయిపోయి ఉన్నాయి. సిరా అంతా నీళ్ళలో కలిసి కాగితం లేతనీలంగా మారింది. ఒక్క పేరు కూడా మిగల్లేదు.

1996 నవంబరు తుఫానుకి కోనసీమలో కొబ్బరితోటలు పడుకున్నాయి. మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి. ఆ అటక మీద ఆ పుస్తకాలు తడవలేదు. అరవయ్యేళ్ళకి పైగా చెదలూ తినలేదు. వాటిని భద్రం చేస్తానని తెచ్చి అజైబాలో ముంచినవాణ్ణి నేను. పెద్దత్తయ్య బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

అంచేత, మొదట చెప్పేదిదీ: అసలు కాగితం ఎక్కడుందో అక్కడే ఉండనివ్వండి. మనం తెచ్చుకోవలసింది నకలు. అది కూడా ఫోన్‌తో తీసిన వంకర ఫోటో అయినా ఇవాళే తీసింది కావాలి. రేపు తీయబోయే ఆరువందల డీపీఐది కాదు.

మా ఇంట్లో కాగితాలేముంటాయండీ అనేవాళ్ళున్నారు. మనవాళ్ళకి చరిత్ర రాసే అలవాటు లేదని నిట్టూర్చేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు వంటింట్లోకి వెళ్ళి ఇత్తడి గిన్నెలు తిరగేసి చూడాలి. ఎవరు, ఎవరి పెళ్ళికి, ఏ తేదీన ఇచ్చారో అంచు మీద చెక్కించి ఉంటుంది. పాత శుభలేఖల్లో మూడు తరాల పేర్లుంటాయి. ఆస్తి పంపకాల దావా ఏదైనా జరిగిన ఇల్లయితే, దావా కాగితాలకి వంశవృక్షం జత చేసి ఉంటుంది. అన్నదమ్ములు కొట్టుకుంటే చరిత్రకి మేలు, కలిసుంటే కాగితం పుట్టదు. ఇంకా వెనక్కి వెళ్తే 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టర్లు. అగ్రహారీకులవే కాదు, ఊరి చాకలికి, మంగలికి, కుమ్మరికి, వెట్టికి ఉన్న సేవా ఇనాములు కూడా వాటిలో ఉన్నాయి. నూట అరవయ్యేళ్ళ కిందటి చాకలి పేరు మరో పుస్తకంలో దొరకదు.

ఇవి చదవడానికి కొంత లెక్క తెలియాలి. ఫసలీ సంవత్సరానికి 590 కలుపుకోవాలి. ఫసలీ 1311 అంటే 1901 జులై నుంచి 1902 జూన్ దాకా. జాతకాల్లో సంవత్సరం పేరే ఉంటుంది, అంకె ఉండదు. ప్రభవలో పుట్టాడంటే 1867 కావచ్చు, 1927 కావచ్చు. అరవయ్యేళ్ళ తేడా, అంటే రెండు మూడు తరాల తేడా. పైగా మనకి తాత పేరు మనవడికి పెట్టడం ఆచారం. ఒకే ఇంటిపేరు, ఒకే పేరు, ఒకే సంవత్సరం పేరు ఉన్నవాళ్ళు ఇద్దరుంటారు, తాతా మనవడూ. ఇక బడి రిజిస్టర్లంటారా, మా నాన్న తరం వాళ్ళలో ఎంతమంది జులై ఒకటిన పుట్టారో చూస్తే మేష్టార్ల ఓపిక ఎంతో అర్థమవుతుంది.

ఇవన్నీ బాబాయికి నాకంటే బాగా తెలుసు. ఎన్నో చిక్కులు ఆయన విప్పే ఉంటాడు. కానీ ఆ పద్నాలుగు కాగితాల్లో ఒక్క పేరు పక్కనా అది ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసి లేదు. ముత్తాత తండ్రి పేరు ఉంది. ఎవరు చెప్పారు? ఏ దస్తావేజులో ఉంది? ఎవరో ముసలాయన జ్ఞాపకమా, బాబాయి ఊహా? ఆయన తలలో ఆ తేడా ఉండేది. కాగితం మీద లేదు. ఆధారం రాయని పేరుకీ రచ్చబండ కబురుకీ తేడా లేదు. కబురయినా నయం, చెప్పినవాణ్ణి మళ్ళీ అడగొచ్చు.

సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివి వంశచరిత్ర పిచ్చి పట్టినవాళ్ళు నా వయసువాళ్ళలో చాలామంది. అలెక్స్ హేలీ గాంబియాలో ఒక కథకుడి నోట తన పూర్వీకుడి పేరు విన్న ఘట్టం దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. 1976లో ఆ పుస్తకం వచ్చాక పరిశోధకులు ఆ నోటిమాటనీ, ఆయన చూపిన దస్తావేజులనీ సరిచూసి బోలెడు అభ్యంతరాలు చెప్పారు. చెప్పగలిగారు, ఎందుకంటే హేలీ తన ఆధారాలు ఏమిటో బయటపెట్టాడు. తప్పని తేల్చడానికైనా ఏదో ఒకటి చేతిలో ఉండాలి కదా. మన వంశచరిత్ర పుస్తకాల్లో ఆ సదుపాయం కూడా లేదు. కాకతీయుల దగ్గర సేనాపతితో మొదలై, మధ్యలో నాలుగు వందల ఏళ్ళు మాయమై, చివర అమెరికాలో డాక్టర్ల ఫోటోలతో ముగుస్తాయి.

మన దగ్గర వంశాలు చెప్పడం ఒక వృత్తి. పిచ్చికుంట్లవాళ్ళు వ్యవసాయ కులాల ఇళ్ళకి వచ్చి గోత్రాలు చెప్పేవారు. పద్మశాలీలకి కూనపులివారు, మాదిగలకి డక్కలివారు పటాలు పరిచి, కిన్నెర మీటి కులపురాణాలు వినిపించేవారు. రాజుల ఇళ్ళలో భట్రాజులు. ఆ వ్యవస్థని నేను పొగడను. అడుక్కుని బతికే స్థితిలో ఒక కులాన్ని ఉంచి, వాళ్ళ చేత తమ గొప్ప చెప్పించుకున్న వ్యవస్థ అది. కానీ ఒక్క సంగతి గమనించండి. వాళ్ళు చెప్పేది వాకిట్లో, పదిమంది ముందు. తప్పు చెబితే అరుగు మీద ముసలమ్మ "కాదురా అబ్బీ, వాడు రెండోవాడు" అనేది. తాళం లేని జ్ఞాపకం అది. బాబాయి పందొమ్మిది వందల పేర్లని అలా దిద్దే ముసలమ్మ లేదు. ఆయనే రానివ్వలేదు.

కాగితం సంగతీ అంతే. కరణాలు రాసుకున్న దండకవిలెల నుంచి, ఊరివాళ్ళ నోటి నుంచి కల్నల్ మెకంజీ మనుషులు కైఫీయతులు రాసుకొచ్చారు. కావలి వెంకట బొర్రయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగారు. మెకంజీ 1821లో పోయాడు. ఆ కాగితాలు పాడైపోతుంటే సి.పి. బ్రౌన్ కూలి ఇచ్చి మళ్ళీ రాయించాడు. ఇవాళ మనం కైఫీయతులు చదువుతున్నామంటే, సేకరించినవాడి గొప్పతనం ఎంతో, నకళ్ళు రాసిన ఆ పేరులేని గుమాస్తాల చలవ అంత. ఆ తర్వాత 1984 జనవరిలో కరణీకాలు, మునసబీలు రద్దయ్యాయి. ఆ రద్దు మంచిదే. కానీ ప్రభుత్వం లెక్కలు ప్రభుత్వానికి అప్పజెప్పగా, ఇళ్ళలో మిగిలిన సొంత చిట్టాలు, ఉత్తరాలు ఎన్ని ఇళ్ళ పెరట్లో నీళ్ళు కాచుకోవడానికి పోయాయో. వాటికి నకలు లేదు.

కంప్యూటర్ ఉందిగా, ఆ బాధలన్నీ పోయాయి అంటారు మా కుర్రాళ్ళు. పోలేదు. కొత్తవి వచ్చాయి.

2000 తర్వాత పదేళ్ళలో చాలా కుటుంబాలవాళ్ళు వంశచరిత్ర పుస్తకాలు డీటీపీ చేయించారు. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో. 2001లో విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు వచ్చినా ప్రెస్సులవాళ్ళు పాతదారి వదల్లేదు. ఇప్పుడా ఫైలు తెరిస్తే తెలుగు కనిపించదు. తలకాయలేని అక్షరాలు, డాలర్లు, ప్రశ్నార్థకాలు. ఇరవయ్యేళ్ళ కిందటి ఫైలు చదవలేకపోతున్నాం. మా పదకొండు పేజీల్లో తాతయ్య తమ్ముడి దస్తూరీ ఎనభై ఏళ్ళ తర్వాత కూడా నేను చదువుతున్నాను.

పోనీ ఏదో వెబ్‌సైటులో పెడదామా? అమెరికాలో మైఫ్యామిలీ డాట్ కామ్ అని ఒకటుండేది. కుటుంబాలు ఫోటోలు, ముచ్చట్లు అందులో దాచుకునేవి. 2014లో మూసేశారు. గడువు ఇచ్చారు, నిజమే. ఆ గడువు లోపల ఈమెయిల్ చూసుకోని తాతల సంగతేమిటి? ఉమ్మి పరీక్షించి వంశం చెప్పే 23అండ్‌మీ సంగతి తెలిసిందే. 2023లో అరవై తొమ్మిది లక్షల మంది వివరాలు దొంగలపాలయ్యాయి, 2025 మార్చిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. సాఫ్ట్‌వేర్ వాడొద్దని కాదు. నేనూ వాడతాను. కానీ జెడ్‌కామ్ అనే మామూలు అక్షరాల ఫైలుగా బయటికి తీయగలిగేదే వాడతాను. అలా తీసినప్పుడు కూడా పాత పద్ధతిలో పేర్లే వస్తాయి, ఫోటోలు రావు, ఫోటో ఏ ఫోల్డర్లో ఉండేదో ఆ చిరునామా మాత్రం వస్తుంది. ఈ సంగతి తెలియక ఫోల్డరు చెరిపేసుకున్నవాళ్ళని ఇద్దర్ని ఎరుగుదును.

మా వృత్తిలో ఒక సూత్రముంది. మూడు కాపీలుండాలి, రెండు రకాల సాధనాల మీద ఉండాలి, ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. మంచిదే. బాబాయి దగ్గర మూడు కాకపోతే నాలుగు కాపీలుండి ఉంటాయి. నాలుగింటికీ ఒకటే తాళంచెవి, అది ఆయన తలలో ఉంది. నా లెక్కలో అది ఒక్క కాపీ. కాపీలు లెక్కపెట్టడం మానేసి, మీరు లేకుండా దాన్ని తెరిచి, చదివి, అర్థం చేసుకోగలిగిన మనుషులెందరో లెక్కపెట్టండి. చాలామందికి సున్నా వస్తుంది.

ఇంకో పేచీ ఉంది. ఈ సాఫ్ట్‌వేర్‌లు మనల్ని చెట్టుగా గీస్తాయి. మనం చెట్టు కాదు, చేపల వల. మా నాయనమ్మనే తీసుకోండి. ఆవిణ్ణి సొంత మేనమామకే ఇచ్చారు. అంటే మా ముత్తాతకి ఆవిడ కూతురి కూతురు, కోడలు కూడా. బాబాయి ప్రింటులో ఆడపిల్లకి పెళ్ళవగానే గీత ఆగిపోయింది. అంచేత నాయనమ్మ అందులో తాతయ్య పక్కన 'భార్య' అని మాత్రమే ఉంది. తల్లి గడి ఖాళీ. ఆ ఇంటి రక్తమే అయిన మనిషి ఎక్కణ్ణుంచో వచ్చినదానిలా ఆ కాగితం మీద నిలబడింది. పిన్ని అన్న మాటలో తప్పేముంది? పందొమ్మిది వందల మందిలో పిన్ని తల్లికి చోటు లేదు. పక్కింట్లో ఉండే ఒమానీ పెద్దాయనకి ఈ సంగతి చెబితే అర్థం కాలేదు. వాళ్ళలో పెళ్ళయినా ఆడమనిషి తండ్రి పేరు, తాత పేరు, తెగ పేరు వదులుకోదు. "మరి మీ అమ్మని ఎలా వెతుకుతావు?" అని అడిగాడు. ఆయన చిన్నప్పుడు 1964 జాంజిబార్ విప్లవంలో కట్టుబట్టలతో బయటపడ్డ కుటుంబం వాళ్ళది. కాగితం ఒక్కటీ రాలేదు. పేర్లు మాత్రం తొమ్మిది తరాలవి గడగడా చెబుతాడు, మనవళ్ళ చేత చెప్పిస్తాడు.

ఇదంతా పొలాలూ దస్తావేజులూ ఉన్నవాళ్ళ వేడుక అనేవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. అజైబాలోనే ఒకరింట్లో వంట చేసే ఆవిడ ఉంది, రాజోలు వైపు మనిషి. కోనసీమ నుంచి గల్ఫుకి ఇంటిపనులకి వచ్చిన ఆడవాళ్ళు ఎందరో మీకు తెలుసు. వాళ్ళమ్మ 2021 మే నెలలో కోవిడ్‌తో పోయింది. అప్పటికి ఇండియా నుంచి ఒమన్‌కి రాకపోకలు ఆపేశారు. వెళ్తే ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టాలి. వెళ్ళలేదు. ఆ మర్నాడు కాదు, మూడేళ్ళ తర్వాత, ఫోను పాడైపోతోందని నా దగ్గరికి వచ్చింది. "ఇందులో మా అమ్మ మాటలున్నాయండీ. పోకుండా ఎందులోనన్నా ఎక్కించి ఇత్తారా?" అంది. వాట్సాప్ వాయిస్ మెసేజీలు, రెండొందల పన్నెండు.

బయటికి తీస్తే ఫైలు పేరులో తేదీ ఉంటుంది, ఎవరి గొంతో ఉండదు. రెండు శుక్రవారాలు కూచుని ఆవిడ వింటూ చెబుతుంటే నేను రాశాను. కొబ్బరి దింపు డబ్బులు, పక్కింటి గేదె ఈనడం, చిన్నదానికి జ్వరం. మధ్యలో ఒకచోట ఆ తల్లి తన పెళ్ళికి ఎవరెవరొచ్చారో వరసగా చెప్పింది. చదివింపుల పుస్తకంలా. మా తాతయ్య పుస్తకాలకి ఏం విలువుందో ఆ నాలుగు నిమిషాలకీ అదే ఉంది. ఇప్పుడా రికార్డులు ఆవిడ దగ్గర, రాజోల్లో చెల్లెలి దగ్గర, పిల్లల బడిలో ఒక పెన్‌డ్రైవ్ మీద ఉన్నాయి. రాసినది కాగితం మీద ఉంది.

నూట ముప్ఫై, నూట యాభై ఏళ్ళ కిందట ఇదే తీరం నుంచి మారిషస్‌కి, నాటాల్‌కి, ఆ తర్వాత ఫిజీకి కూలికి వెళ్ళినవాళ్ళ కాగితాలు ఇంకా ఉన్నాయి. మారిషస్‌లో మోకా దగ్గర మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో రిజిస్టర్లు, ఫోటోలు. ఫిజీవాళ్ళ ఎమిగ్రేషన్ పాసుల్లో పేరు, తండ్రి పేరు, ఊరు, తాణా, ఎత్తు, ఒంటి మీద మచ్చలు. ఆడవాళ్ళకీ వేరే పాసు. వాళ్ళ మీద ప్రేమతో రాసింది కాదది, పారిపోతే పట్టుకోవడానికి. అయినా ఇవాళ ఫిజీలో ఒక తెలుగు మనవడు ముత్తవ్వ ఊరి పేరు ఆ కాగితం చూసి తెలుసుకోగలడు. 1942లో రంగూన్ నుంచి నడిచొచ్చిన మనవాళ్ళ మనవళ్ళకి ఆ మాత్రం కూడా లేదు. గల్ఫులో మన కార్డు గడువు తీరగానే మన గుర్తు చెరిగిపోతుంది. మన గురించి ఏ దొరా రాసి పెట్టడు.

నా వాదానికి అడ్డుతగిలే సంగతి ఒకటుంది, దాచను. అన్నీ అందరికీ పంచకూడదు. బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, తల్లి పుట్టింటి ఇంటిపేరు బయటపెట్టడమంటే బ్యాంకు ప్రశ్నలకి జవాబులు రోడ్డు మీద పెట్టడమే. ఇది నా వృత్తిలో రోజూ చూస్తాను. ఇంకా ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. దత్తతలు, తెంచుకున్న పెళ్ళిళ్ళు. మా ముత్తాతకి మరో ఊళ్ళో ఇంకో సంసారం ఉండేది. వాళ్ళ మనవలు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ళకీ తెలుసు, మాకూ తెలుసు, ఎవరం మాట్లాడం. బాబాయి వాళ్ళని రాయలేదు. రాయకపోవడం తప్పంటాను. రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టడం అంతకంటే పెద్ద తప్పు. భైరప్ప 'వంశవృక్ష' గుర్తుందా? వంశం పరువే ప్రాణమనుకున్న శ్రోత్రికి చివర తన పుట్టుకే ఆ వంశంలోది కాదని తెలుస్తుంది. అలాంటి కాగితం మన చేతికే రావచ్చు. నేను చేసిందేమిటంటే, ఆ పేర్లు కాగితం మీద రాసి, కవరులో పెట్టి, ఫలానా వాళ్ళు బతికున్నంతకాలం తెరవొద్దని రాసి, ఇద్దరికి ఇచ్చాను. ఇద్దరిలో ఒకరు ఆడమనిషి. ఒకరు ఇంకొకరికి ఇష్టంలేనివాళ్ళు, కుమ్మక్కవరని. ఇది కూడా తాళమే. కానీ చెవి రెండు చేతుల్లో ఉంది, పెట్టె ఉందని అందరికీ తెలుసు.

సరే, ఆ పద్నాలుగు పేజీలు. వాటిని శుభ్రంగా టైపు చేసి అందం చేద్దామని మొదట అనిపించింది. పాత రోగం. చేయలేదు. ఉన్నవున్నట్టు ప్రింట్లు తీసి, పక్కన ఖాళీ వదిలి, ఆరిళ్ళకి పోస్టులో పంపాను. తప్పులు పెన్నుతో దిద్దండి, ఎవరు చెప్పగా దిద్దారో రాయండి అన్నాను. నాలుగు తిరిగొచ్చాయి. రాజమండ్రి వాళ్ళకీ కాకినాడ వాళ్ళకీ అప్పుడే తగాదా. ముత్తాత తమ్ముడు పోయింది ప్రమాదీచలోనని ఒకరు, కాదు ప్రమాథిలోనని ఒకరు. ప్రమాదీచ అయితే 1913-14, ప్రమాథి అయితే 1939-40. ఎవరి తాత చెప్పింది వాళ్ళకి వేదం. నా దగ్గర మిగిలిన పదకొండు పేజీలు తీసి చూశాను. 1938 నాటి పుస్తకంలో నాలుగో పేజీలో ఆయన పేరుంది, ఐదు రూపాయలు చదివించాడు. కాకినాడ వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. అది ఆయన మనవడేమో అంటున్నారు, తాత పేరే పెట్టారు కదా అని. తండ్రి పేరు రాసిన పేజీ ఉంటే తేలిపోయేది. అది మిగతా నూట ఇరవై తొమ్మిదిలో ఉండి ఉంటుంది.

న్యూజెర్సీ కాపీ అందరికంటే ఆలస్యంగా వచ్చింది. లోపల ఒక్క దిద్దుబాటూ లేదు. చివరి కాగితం వెనకవైపు పెన్సిల్‌తో, పిన్ని చేతిరాతలో, వాళ్ళమ్మ పేరుతో మొదలుపెట్టి నలభై ఒక్క పేర్లున్నాయి. ఏ ఊరో, ఎవరిని ఎక్కడిచ్చారో అన్నీ. కింద ఇలా రాసింది: "ఇవి నాకు చెప్పింది మా మేనత్త, 1974 వేసవిలో, మా పెరట్లో అప్పడాలు వత్తుతూ. తర్వాత నాలుగు పేర్లు మా అక్క చెప్పింది, వాటి కింద గీత పెట్టాను."